వంతు

ఏడు రోడ్ల జంక్షన్లో వీధి దీపాలింకా ఆర్పలేదు.
ఇరవై మూడు సైకిళ్ళు.
కళింగపట్నం లైట్‌హౌస్ దాకా పందెం.
మొదటి బహుమతి ప్రెషర్ కుక్కరు, రెండోది గొడుగు,
మూడోదానికి చందాలు చాల్లేదట.

మేం నలుగురం.
పోస్టుమేన్ తవిటయ్య బావ,
రాత్రి డ్యూటీ దిగి అలాగే వచ్చేసిన నర్సు సుగుణ,
కరెంటాఫీసు గుంటడు దాలినాయుడు,
ఎరువుల కొట్లో పద్దులు రాసే నేను.

బావ టీ గ్లాసు దించి ప్లాను చెప్పాడు:
"ఈశాన్యం గాలి. ఎడం పక్క కొడతాది.
ఒకలెనకాల ఒకలు కాదు, ఏటవాలుగా ఉండండి.
నూరు తొక్కుళ్ళు తొక్కినోడు పక్కకి జరిగీడం.
ఆకర్న గుంటణ్ణి ఒగ్గీడం.
ఇంకేటి నేదు."

నాకు వేరే చెప్పక్కర్లేదు.
మా ఊరి కాలవ మీద ఒక రాత్రి మీ మడికి, ఒక రాత్రి మా మడికి.
వంతు తప్పినవాడి పేరు
వాడి మనవడి పెళ్ళిలో కూడా తలుచుకుంటారు.

వమరవల్లి దాటాక
గోగు కట్టలు నానేసిన గుంతల కంపు,
దాని వెనకే గాలి.
గాలికీ నీడ ఉంటుందని
సైకిలెక్కాకే తెలిసింది నాకు.
ముందువాడి భుజం పక్కన, మూరెడు మేర.
అందులో దూరితే ఊపిరి మళ్ళీ మనదవుతుంది.

రోడ్డు నలుగురికే సరిపోయింది.
అయిదోవాడు మట్టి అంచు మీద, తుమ్మముళ్ళ మీద
ఒక్క మాటా లేకుండా వస్తున్నాడు.
నరసన్నపేట చక్రధరం. పసుపు బనీను.
వంతు రాగానే చైను వంక చూస్తాడు.
ఇంకోసారి నీళ్ళు తాగుతాడు.
ఒకసారి నిజంగానే దగ్గాడు.
"మడికి గండి కొట్టినోడు" అంది సుగుణ
వెనక్కి తిరక్కుండా.

గార దగ్గర బావ ఆగిపోయాడు.
"నా సంచీ ఖాళీ అయిపోనాది, మీరెల్లండి."
శాలిహుండం మలుపు దాకా సుగుణ లాగింది,
నిద్ర లేని కళ్ళతో, పళ్ళు బిగించి,
అక్కడ చెయ్యూపి పక్కకి తప్పుకుంది.
ఇక నేను.

సరుగుడు తోపులు కనిపించాయి.
కుడి అంచుకి జరిగాను.
నా నీడలో ఒక్కడికే చోటుంచాను, దాలిగాడికి.
పసుపు బనీను ఉత్త గాలిలో పడింది.
మొదటిసారి అతని ఊపిరి విన్నాను.
కొలిమి తిత్తిలా ఉంది.
ఆ ఊపిరికి కొంచెం జాలి పడి కూడా
ఒక్క జానెడు ఇవ్వలేదు.

నా నూరు తొక్కుళ్ళు నూట అరవై అయ్యాయి.
తరవాత లెక్క తప్పింది.
"ఎల్లరా!" అన్నాననుకుంటాను.
నా రెండు పక్కల నుంచీ రెండు సైకిళ్ళు దూసుకుపోయాయి.
గీత దగ్గరేమైందో నేను చూళ్ళేదు.

చక్రం వాసిలో చక్రధరం గెలిచాడట.
కుక్కరు అతనిది. గొడుగు మాది.

దాలిగాడు ఇసకలో వెల్లకిలా పడి అన్నాడు:
"సముద్రం ఎప్పుడొచ్చిందో చూళ్ళేదు మాస్టారూ.
రోడ్డూ చూళ్ళేదు.
మీ చొక్కాకి ఎడం రెక్క కింద చిరుగుంది,
తెల్ల దారంతో కుట్టారు, ఏడు కుట్లు.
అదొక్కటే చూసాను."

తిరుగు దారి.
గాలి ఇప్పుడు వీపు మీద.
గుంటడు గొడుగు విప్పి తెరచాప చేసుకున్నాడు.
సుగుణ తొక్కుతూనే కునుకుతోంది.
ముందుండాల్సిన పని ఎవరికీ లేదు.

గార దాటాక
వెనక నుంచి ఒక చప్పుడు దగ్గరైంది.
కేరియర్‌కి కట్టిన కుక్కరు మూత
గతుకు గతుక్కీ గలగలలాడుతూ
మమ్మల్ని దాటి ముందుకొచ్చింది.
పసుపు బనీను. తల దించుకుని,
కోసెయ్యడానికి గాలే లేనిచోట
గాలి కోస్తున్నట్టు వంగి తొక్కుతున్నాడు.

నేను నోరు తెరవబోయాను.
"ఒగ్గీ," అన్నాడు బావ, "తొక్కనీ."

వమరవల్లి దాకా
నూరుకి నూరూ లెక్కపెట్టుకుంటూ
అతని వెనకాలే వెళ్ళాం.