బరువు మార్చుకోవడం

న్యూయార్క్ మ్యూజియంలో గ్రీకుల గది.
మధ్యాహ్నం మూడున్నర.
కాపలా మనిషి ఒడెట్
కుడికాలి బరువు ఎడమకాలికి మార్చింది.

ఎదురుగా పాలరాతి కుర్రాడిదీ అదే నిలుపు:
ఒక మోకాలు సడలి, నడుం ఓ పక్కకి ఒరిగి.
రాయి అప్పుడప్పుడే
మనిషిలా నిలబడ్డం నేర్చిన కాలమట.
వాడికి పిక్కలు లాగవు.
ముఖాన ఒక్క గీత లేదు.
మనకేసి చూడడు,
ఎవరితోనూ ఎన్నడూ పనిపడనివాడిలా.

రెండు గదులు దాటితే
మూడొందల ఏళ్ళు గడిచిపోతాయి.

అక్కడ ముసలమ్మ.
వంగిన నడుం, విరిగిన చెయ్యి,
పళ్ళూ కోళ్ళూ పట్టుకుని
పైట జారినా సర్దుకోనంత తొందర.
సంతకి కాదు, జాతరకి పోతోందంటారు పండితులు,
తలకి ఆకుల దండ ఉందిగా.
ఏమైతేనేం,
మెడ కింద వేలాడే చర్మాన్ని కూడా
ఓపిగ్గా చెక్కిన ఉలి ఒకటి
ఇన్నాళ్ళకి దొరికింది.

“కూర్చోకూడదా కాసేపు?” అన్నాను ఒడెట్‌తో.
“ముందు ఈవిడకి కుర్చీ వెయ్యమనండి,
తర్వాత నా సంగతి.”

మూసేవేళకి
నా కాగితం మీద కుర్రాడి బొమ్మే ఉంది.
భుజాలు బాగానే కుదిరాయి.
మోకాళ్ళు మాత్రం
ఎంత చెరిపినా ఒడెట్‌వే.