రేపు ఆరున్నరకి

మూడాటలు వరసగా పోయాయి. పోనీ.
రేపు ఉత్తరాది వాళ్ళొస్తున్నారు,
పక్ వెంట అప్పులవాళ్ళలా పడే జట్టు.
మా గోలీకి మోకాలు వాచింది,
కాబట్టి ఎర్కో.
పందొమ్మిదేళ్ళు.

బళ్ళో గురువారాలు వాడికి
బఠాణీ సూప్ పోసినదాన్ని నేనే.
ఓసారి నా గరిటె జారితే
గాల్లోనే పట్టాడు, ఎడమచేత్తో,
చుక్క ఒలక్కుండా.
కుడి భుజం మీదుగా కొడితే మాత్రం...
ఆ మాట ఇక్కడే ఉండనివ్వండి.

బయట మైనస్ ఇరవై రెండు.
పక్క సీటు వెయిక్కోది, దుప్పటిలో సగం కూడా.
నాలుగు-ఒకటి, వాళ్ళదే అంటాడు.
రైల్వేలో లెక్కలు రాసిన మనిషి,
తప్పడు.

నేను రెండు-ఒకటి అని రాసి
ఫ్రిజ్ తలుపుకి అంటించాను.
మేజోళ్ళు రెండు జతలు, గొంతుకి తేనె.

పదకొండయింది.
ఆ పిల్లాడు పడుకున్నాడో లేదో.