తీగ వణుకు

రీగాలో నాలుగో అంతస్తు.
ఇల్గ్వార్స్ పియానో మూత ఎత్తి
చెవి ఒగ్గాడు.

ఫోన్‌ని ముందే బూటులో కుక్కి
గుమ్మం బయట వదిలాడు.
ట్రామ్ వస్తే పోనిచ్చాడు.
పక్కింటి కుక్కని
మొరిగినంత మొరగనిచ్చాడు.

లోపలి రొదకే మూత లేదు:
కట్టని గ్యాస్ బిల్లు,
నిన్న విజ్మా సగంలో మింగేసిన మాట.

కసరలేదు.
"కూర్చో, నీ వంతూ వస్తుంది" అని
స్టూలు అంచున చోటు చూపించాడు.

మళ్ళీ అదే మెట్టు. టంగ్.
రెండు తీగల నడుమ సన్నటి వణుకు.
వెంట్రుకవాసి తిప్పితే తగ్గింది,
ఇంకాస్త తిప్పితే పెరిగింది.
చెయ్యి వెనక్కి.

ఎప్పుడు ఒకటయ్యాయో
కుక్కకే తెలియాలి,
ఆ క్షణాన అదీ ఊరుకుంది.

ఇంకా ఎనభై ఏడు మెట్లు.
స్టూలు అంచున బిల్లు
గొంతు సవరించుకుంది.