చెవికి సెలవు

ఆటోనగర్‌లో నాకు చెవే పాన.
బండి గేటు దాటకముందే చెప్పేస్తా
ఏ బేరింగ్ ఏడుస్తోందో
ఏ టాపెట్ పళ్ళు కొరుకుతోందో.
ముప్పై ఏళ్ళు లారీల గుండెకి ఆనించీ ఆనించీ
ఇప్పుడు ఎడమ చెవిలో
తాళం తీసినా ఆగని ఇంజనొకటి తిరుగుతోంది.

డాక్టరమ్మ చీటీ మీద మందు రాయలేదు.
"చప్పుడు లేని చోట నడవండి సైదులుగారూ" అంది.
బెజవాడలో చప్పుడు లేని చోటా!
షెడ్డులో కుర్రాళ్ళు పొట్టలు పట్టుకున్నారు.

అయినా వెతికా.
రాఘవయ్య పార్కులో తెల్లారకముందే
పెద్దవాళ్ళు వరసగా నిలబడి
నవ్వుని స్టార్టు చేస్తున్నారు,
చోక్ లాగినకొద్దీ దగ్గే వస్తోంది పాపం.

గాంధీ కొండెక్కితే
కింద ఊరంతా కలిసి ఒకటే హారన్.
గంట లేటుగా వచ్చే రైలు పేరు
మూడు భాషల్లో కొండెక్కి వచ్చి
నా పక్కనే కూర్చుంది.

భవానీ ద్వీపానికి పడవెక్కిన రోజు
నేను కృష్ణని చూళ్ళేదు.
రెండో సిలిండర్ మిస్సవుతోందని
సరంగుతో తగువేసుకున్నా.
దిగేసరికి వాడి స్పానరు నా చేతిలోనే ఉంది.

"మూలపాడు వెళ్దాం నాన్నా,
సీతాకోకచిలక్కి ఇంజనుండదు" అంది మెహతాజ్.
ఆరో తరగతి. ఏదో ప్రాజెక్టు.
తన అవసరానికే అంది, నా చెవి కోసం కాదు.

కార్తీక మాసపు ఆదివారం.
గొల్లపూడి, గుంటుపల్లి, ఇబ్రహీంపట్నం రింగు,
థర్మల్ గొట్టాల పొగ కాసేపు మాతో పాటే వచ్చి
కొండలు మొదలయ్యేచోట ఆగిపోయింది.

గేటు దగ్గర ఏసుపాదం,
చేతిలో కర్ర, మెళ్ళో తువ్వాలు.
"అవి మన మాట వింటాయని కాదండీ,
మన నోరు మూతబడితేగానీ
మన కళ్ళు తెరుచుకోవు" అన్నాడు.
ఆ తర్వాత దారి పొడుగునా
తనే మాట్లాడాడు.

తంగేడు పొద. పాలకొడిసె. పేరు తెలియని ముళ్ళు.
నా చెప్పుల కింద కంకర
గేరు మారినప్పుడల్లా మూలిగింది.
మెహతాజ్ వేలు పెదాల మీద పెట్టింది,
మెల్లగా నడవడం నాకు నేర్పినట్టు.

వాగు ఎండి, మడుగంత చెమ్మ మిగిలిన చోట
పసుపు రెక్కలు కొన్ని
మట్టిలో మూతి పెట్టి తాగుతున్నాయి.
పెళ్ళిలో పంక్తి లేచాక పారేసిన
అక్షింతల్లా ఉన్నాయనుకున్నా,
అన్నీ ఒక్కసారి లేచాయి.

ఒకటి మాత్రం వచ్చి
నా కుడి మణికట్టు మీద వాలింది.
గ్రీజు పట్టిన చెయ్యి,
ఎన్ని సబ్బులు అరిగినా తెలుపెక్కని చెయ్యి.
"కదలకండి" అన్నాడు ఏసుపాదం,
"చెమటలో ఉప్పుకొచ్చింది."
వాచీ స్ప్రింగంత నాలుక
చుట్ట విప్పి, తడిమి, మళ్ళీ తడిమి...
నా ఒంట్లోంచి కూలి అడక్కుండా
ఎవరైనా ఇంత నెమ్మదిగా ఏదైనా తీసుకున్నారా?

అలవాటు చొప్పున
చెవి ఆనించబోయా.
రెండంగుళాల దూరంలో ఆగిపోయా.
ఊపిరి తగిలితే ఎగిరిపోద్దని.

ఏమీ వినపడలేదు.
నా చెవిలో ఇంజను ఆగిందని అబద్ధం చెప్పను,
అది తిరుగుతూనే ఉంది.
కాకపోతే మొదటిసారి
దాన్ని బాగుచెయ్యాలనిపించలేదు.

మెహతాజ్ నోట్సులో రాసుకుంది:
"పద్నాలుగోది. పేరు తెలీదు.
దొరికిన చోటు: నాన్న.
సౌండ్: లేదు."

తిరుగుదారిలో గొల్లపూడి దగ్గర
వెనక లారీకి క్లచ్ ప్లేటు పోయింది.
విన్నా. చెప్పలేదు.

రాత్రి కుడిచెయ్యి కడగబుద్ధి కాక
అన్నం చెంచాతో తిన్నా.
మా ఆవిడ వింతగా చూసి
జ్వరమేమోనని నుదురు తాకింది.