ముగ్గురాయి

ఫర్వానియాలో నాది రాత్రి డ్యూటీ.
పదకొండున్నరకి వచ్చింది ఓబులమ్మ,
సేటు ఇంట్లో గిన్నెలన్నీ ఆరాకే వదిలారట.

మామోగ్రామ్‌లో అంతా పొగమంచే కనబడింది,
అందుకని ఎమ్మారై రాశారు.
చేతిలో అరబ్బీ ఫారం, నోట్లో మా బొబ్బిలి తెలుగు.
ఒంట్లో ఎక్కడైనా ఇనుముందా అమ్మా, అన్నాను.
"ఇనుమే తక్కువుందని మాత్రలిచ్చినారు మేడమ్."
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

గాజులు వచ్చేశాయి. మెట్టెలు సబ్బుకి లొంగాయి.
పదమూడో ఏట కుట్టిన ముక్కుపుడక మాత్రం
చాలాసేపు మొరాయించింది.
దాన్ని నా అరచేతిలో పెట్టి
గుప్పిట తనే మూసింది.
తీసుకెళ్లి నా టీ కప్పు పక్కన పెట్టాను.

బల్లకి రెండు గుంటలుంటాయి, బోర్లా పడుకోవాలి.
"సేటు పిల్లోళ్లు ముగ్గురూ ఈ ఎద మీదనే నిద్రపోయినారు"
అంది బల్లతో, నాతో కాదు.
కదలొద్దమ్మా, అన్నాను.
"కదలకుండా ఉండేది నాకెవురూ నేర్పలా."

మిషను మొదలైంది,
గోడ ఇవతల నా టీ మీద కూడా అలలు.
మధ్యలో రంగుమందు వదిలాను.
మోచేతి దగ్గర చల్లగా ఎక్కి
తెర మీద ఒక్కొక్కటే నరాన్ని తెరుచుకుంటూ పోయింది.
ఎడమవైపు, గడియారంలో రెండు ఉండే చోట
ఒక చుక్క
అన్నిటికంటే ముందు వెలిగింది,
అన్నిటికంటే ముందే మసకేసింది.
అంచులు గరుగ్గా ఉన్నాయి.
అలాంటి వాటి గురించి మాకు ఒక పాఠముంది.
నోరు విప్పకూడదని ఇంకో పాఠం.

బయటికొచ్చింది, చెంపల మీద దిండు అచ్చులతో.
"ఈ చప్పుడు నాకు కొత్త కాదులే.
మంగంపేట గనిలో ఆరేండ్లు ముగ్గురాయి కొట్టినా.
ఆ పొడి ఈ దేశం నూనెబావుల్లో పోస్తారంట గదా,
నాకంటే ముందు నా రాయే వచ్చిందీడికి.
తెల్లది యాడుందో
పైన మన్ను చూస్తానే చెప్పేదాన్ని."

కాసేపాగి,
"నీకేమన్నా అగపడిందా?"

డాక్టరుగారు చెప్తారమ్మా, అన్నాను
ఫారం మడతపెడుతూ, విప్పుతూ, మళ్లీ మడతపెడుతూ.

ఆమె నా మొహంలోకి చూసింది.
మన్ను చూసినట్టు చూసింది.

గాజులేసుకుంది. మెట్టెలు తొడుక్కుంది.
ముక్కుపుడకని మాత్రం
చేతిరుమాలు కొసన వేసి రెండు ముళ్లేసింది.

"మళ్లా తియ్యమంటారు గదా.
ఉండనీ."