సున్నం పాదాలు

చెరువులో సున్నం చల్లిన రోజు దొరికింది గనక
దానికి సున్నం అని పేరెట్టాడు మా ఆయన.
యనమదుర్రు గట్టు మీద, ఏరేటర్ల హోరు మధ్య
రాత్రంతా మేలుకునుండే తెల్లటి కాపలా.

తమలపాకులో సున్నం ఎర్రగా పండుద్దని తెలుసు.
ఇది మాత్రం
పాదాల దగ్గర్నించి పండటం మొదలెట్టింది.

కుక్కన్నాక కాలు నాక్కోదా, అన్నాను ముందు.
రాన్రానూ ఆ నాకుడు చప్పుడు,
అర్ధరాత్రి కొళాయి కారుతున్నట్టు,
కరెంటు పోయి ఏరేటర్లు ఆగినా ఆగేది కాదు.
వేళ్ళ సందుల్లో బొచ్చు తుప్పురంగు తేలింది.

"గజ్జి," అంది పక్క పాకలో మంగాయమ్మ.
గంధకం కొబ్బరినూనెలో కలిపి రాయమంది.
"గోమార్లు," అన్నాడు మేత లారీ డ్రైవరు.
దువ్వెన పెట్టి వెతికాను. ఒక్కటీ లేదు.
మా ఆయన "వయసు," అన్నాడు.
దానికి మూడేళ్ళు.

అప్పుడు ఎదురుగా కూచుని చూశాను.
తల విదిలిస్తే చెవులు టపటపలాడేవి,
ఈగ లేదు, వాన లేదు.
చెవి ఎత్తి వాసన చూస్తే పులిసిన దోసెలపిండి.
పొట్ట కింద, బొచ్చు పల్చనైన చోట
పులుసు మీద తేలిన నూనెలాంటి ఎరుపు.
తిన్న ప్రతిసారీ మూతిని గోనెపట్టాకేసి రుద్దేది.
ప్రతిసారీ అన్న ఆ మాటే
నాకు ఆలస్యంగా తట్టింది.

వీరవాసరం పశువులాస్పత్రిలో
గేదెల వరసలో నిలబడ్డాం, నేనూ సున్నమూ.
డాక్టరమ్మ కెజియా గారు సూది తియ్యలేదు.
"ఏం పెడుతున్నావమ్మా దీనికి?"
"ఏముందండీ, రొయ్య తలకాయలు.
ఎటూ పారబోసేవే కదండీ.
అవి లేని రోజంటూ మా ఇంట్లో..."
చెబుతూ చెబుతూ నా నోరే ఆగిపోయింది.

రొయ్యేనని ఇప్పుడే అనను, అందావిడ.
ఎనిమిది వారాలు మానిపించి చూద్దాం.
అన్నమూ, అది ఇంతవరకూ రుచి చూడని మాంసం ఒక్కటీ.
పొట్టు ముక్క కూడా తగలనివ్వకు.

రొయ్య తగలకుండా అంటే
మా ఊళ్ళో గాలి తగలకుండా అన్నట్టే.
అయినా కట్టేశాను.
పీలింగు షెడ్డు నించి రాగానే చీర మార్చి,
మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని,
అప్పుడు వేటమాంసం కొట్లో అడిగి తెచ్చిన తుక్కు ఉడికించి పెట్టేదాన్ని.
గిన్నె వంకా నా వంకా చూసేది,
ఎవరికో పెట్టబోయి తనకి పెట్టానేమోనని.

రెండో వారం ఏమీ లేదు.
నాలుగో వారం మా ఆయన దొంగతనంగా రెండు తలకాయలు పెట్టాడు,
జాలేసిందంట.
తెల్లారేసరికి మూతి గోనెపట్టా మీదుంది.
ఆ రోజు మేం మాట్లాడుకోలేదు.
వేలు మడిచి మళ్ళీ ఒకటి నించి లెక్కెట్టాను.

వర్షాలు మొదలయ్యాయి.
గోళ్ళ మొదట్లో కొత్త బొచ్చు తెల్లగా దిగింది,
నారుమడిలో మొలకలా, చూసేవాళ్ళకే కనపడేటంత.

ఒక రాత్రి గోకుడు చప్పుడుకి మెలకువొచ్చింది.
తిట్టుకుంటూ లేచాను, ఎవడు పెట్టాడురా మళ్ళీ అని.
టార్చి వేస్తే
సున్నం ముడుచుకుని పడుకునుంది, తోకలో ముక్కు దూర్చి.
చప్పుడింకా వినపడుతోంది.

నా గోళ్ళే.

ఐసునీళ్ళ వల్లనుకున్నాను ఇన్నేళ్ళూ,
కిలోకింతని వలిచే చేతులు ఇలాగే ఉంటాయనుకున్నాను.
గ్లౌజులేస్తే వేగం తగ్గుద్దన్నాడు సూపర్‌వైజర్ పెద్దిరాజు,
నిజమే కదా అనుకున్నాను.

టార్చి చంకలో పెట్టుకుని
నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి,
దాని పాదాలు చూసినట్టే,
సందుల్లోకి చూశాను.