అగరం మైదానం, తేదీ లేదు

శివాజీనగర్‌లో పాత ఇనుము కొట్టు వెనక
డెస్మండ్ గారి బల్ల మీద
నాలుగు మూలలూ చెదలు కొరికిన ఫోటో.

భూతద్దం జరిపి ముందు టోపీ చూస్తాడాయన:
డబ్బా మూతలాంటిది, కుడి చెవి మీదికి వాలింది,
తోలుపట్టీ గడ్డం దాకా దిగక
కింది పెదవి కిందే ఆగింది.
"గుర్రప్పటాలం. ఏ దళమో లాగుచారలు చెప్పాలి."

చారలు నల్లగా ఉన్నాయి కదా అన్నాను.
నవ్వాడు.
"ఆ కాలం గాజుపలకకి పసుపు కనబడదు మ్యాన్,
నల్లగా పడుతుంది.
రెండు చారలు. హుస్సారు. రాసుకో."

రాసుకున్నాను.
మనిషి పేరు లేదు, ఏడు లేదు,
అగరం మైదానమని వెనక పెన్సిలు గీత.

కవరులో పెట్టబోతుంటే అద్దం జారి
గుర్రం తోక కదిలి మసకైన చోట ఆగింది.
గడ్డిమోపు కింద ఒకామె.
మోపు ముఖాన్ని మింగేసింది.
చీలమండల దాకా నల్లటి పాదాలు.

"బురద" అన్నాడాయన, కళ్లజోడు తుడుచుకుంటూ.

నేల మీద తడి జాడ లేదు.
గిట్టల చుట్టూ దుమ్ము, తెల్లగా.

రాసుకో అని ఆయన అనలేదు.
హుస్సారు కింద, చిన్న అక్షరాలతో
రాసుకున్నాను:
శుక్రవారం.